రెండంగుళాల కోసం క్రాస్‌మెంబర్ కోసిన కథ

ఆయిల్ మారుద్దామని బండి కిందకి దూరాను, అంతకు మించి ఏ ఉద్దేశమూ లేదు. డ్రెయిన్ బోల్టు ఊడదీసి, ఆయిల్ కారుతున్నంతసేపూ వెల్లకిలా పడుకుని టార్చి అటూ ఇటూ తిప్పుతుంటే, గేర్‌బాక్స్ కింద క్రాస్‌మెంబర్ (ఫ్రేమ్ రెండు పక్కల మధ్య అడ్డంగా ఉండే ఇనుప దూలం) మీద నా చేత్తో నేనే కొట్టిన నల్ల పెయింట్‌లో వెంట్రుకంత ఎర్ర గీత ఒకటి కనబడింది. తుప్పు మరకేమో అనుకుని గుడ్డతో తుడిచా, పోలేదు. గోటితో గీరితే గోరు తట్టుకుంది. నా వెల్డింగ్ బీడ్ (అతుకు గీత) ఎక్కడ ఆగిందో కరెక్ట్‌గా అక్కడే మొదలై, ఫ్లాంజ్ (దూలానికి పైనా కిందా మడిచిన బద్ద) అంచు దాకా పాకి, అక్కడ్నుంచి కిందకి తిరిగింది. పెయింట్ గోకి చూస్తే ఇంకో రెండు సెంటీమీటర్లు ఎక్కువే ఉంది. గేర్‌బాక్స్ మార్చి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ "చూశారా, రెండు గంటల్లో తేల్చేశా" అని అడిగినోళ్లకీ అడగనోళ్లకీ చెప్పుకుంటూ తిరిగాను.

అసలు సంగతేంటంటే, నాది పాత చెవ్రొలే పికప్, వెనక చక్రాల డ్రైవ్, అందులో టీహెచ్ 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్. 1969లో వచ్చిన డిజైన్ అది, మొండిది, పాడవదు, కానీ మూడే గేర్లు, నిష్పత్తులు (బయటి షాఫ్ట్ ఒక చుట్టుకి ఇంజన్ తిరిగే చుట్లు) 2.52, 1.52, ఆఖరిది 1.00. వెనక యాక్సిల్ నిష్పత్తి 3.73, టైర్ 28 అంగుళాలు. లెక్కేస్తే గంటకి 60 మైళ్ల స్పీడ్‌లో ఇంజన్ దాదాపు 2,700 ఆర్‌పీఎమ్ తిరగాలి, పాపం గంటలకొద్దీ అలా అరుస్తూనే ఉండేది. 700ఆర్4 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ పెడితే నాలుగో గేరు 0.70, అదే స్పీడ్‌లో ఇంజన్ 1,880కి దిగుతుంది, పైగా మొదటి గేరు 3.06 కాబట్టి కదిలేటప్పుడు ఇంకా చురుగ్గా ఉంటుంది. 1982లో వచ్చిన గేర్‌బాక్స్, అదే కంపెనీది, ఇంజన్ వెనక్కి అదే బోల్టులతో కూర్చుంటుంది. ఇంతకన్నా తేలికైన మార్పిడి ఏముంటుంది అనుకున్నా. ఇంజన్ వైపు నిజంగానే తేలిక. కష్టమంతా వెనక కొసన ఉంటుంది.

టీహెచ్ 350కి బెల్ హౌసింగ్ (ఇంజన్‌కి బిగించే ముందు భాగం) ముఖం నుంచి మౌంట్ (గేర్‌బాక్స్‌ని క్రాస్‌మెంబర్ మీద కూర్చోబెట్టే రబ్బరు దిమ్మ) దాకా ఇరవై అంగుళాల పైచిలుకు, 700ఆర్4కి ఇరవై రెండున్నర దాకా. అంటే మౌంట్ రెండంగుళాలు వెనక్కి పోయింది. మొత్తం పొడవు కూడా పెరిగింది, నాది చిన్న టెయిల్ (గేర్‌బాక్స్ వెనక తోక భాగం) రకం కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌ని తిప్పే కడ్డీ) మూడంగుళాలు కోయించాల్సొచ్చింది (టీహెచ్ 350కి టెయిల్ హౌసింగ్ 6, 9, 12 అంగుళాల్లో వచ్చింది, కాబట్టి ఎవరో చెప్పిన కొలత పట్టుకుని షాఫ్ట్ కోయించకండి, మీ బండిలో టేపు పెట్టి కొలుచుకోండి). షాఫ్ట్ సంగతి ఎవరికైనా ముందే తెలుస్తుంది, అందరూ చెప్తారు. క్రాస్‌మెంబర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "అదేముంది, కాస్త అడ్జస్ట్ చేసుకో" అంటారు. ఆ "కాస్త అడ్జస్ట్" మీదే నా గొడవంతా.

నేను చేసిన అడ్జస్ట్‌మెంట్ ఇదీ. క్రాస్‌మెంబర్‌ని ఉన్నచోటే ఉంచేశా. కొత్త గేర్‌బాక్స్ ఆయిల్ పాన్ వెనక మూల దాని పైఅంచుకి తగులుతోంది కాబట్టి గ్రైండర్ పెట్టి అర్ధచంద్రాకారంలో ఒక ముక్క కోసేశా. మౌంట్ రెండంగుళాలు వెనకుంది కాబట్టి 6 మిల్లీమీటర్ల ప్లేట్ ఒకటి వెనక్కి పొడుచుకొచ్చేలా వెల్డ్ చేసి దాని కొసన రబ్బరు మౌంట్ కూర్చోబెట్టా. చూడ్డానికి దిట్టంగానే ఉంది. ఎక్కి నిలబడ్డా కూడా, కదల్లేదు. నేను ఎక్కి నిలబడితే వంగకపోవడం ఒక పరీక్షే కాదని అప్పటికి నాకు తెలీదు.

ఎందుకంటే మనమంతా క్రాస్‌మెంబర్‌ని గేర్‌బాక్స్‌కి వేసిన పీట అనుకుంటాం. బరువు మోస్తే చాలు, దాని పని అయిపోయింది అనుకుంటాం. నేను చెప్పేదల్లా ఒకటే, అది పీట కాదు, ఫ్రేమ్‌లో ఒక భాగం, గేర్‌బాక్స్ దాని మీద అద్దెకుంటోంది అంతే. లారీ గానీ పికప్ గానీ ఫ్రేమ్ అంటే నిచ్చెన. రెండు పొడుగు రైళ్లు (పట్టాల్లాంటి ఇనుప దూలాలు), మధ్యలో మెట్లు. రైళ్లు చాలా బళ్లల్లో సీ ఆకారం చానల్, నిలువు బరువుకి బ్రహ్మాండంగా నిలబడతాయి కానీ మెలిపెడితే ఇట్టే తిరిగిపోతాయి. ఎడమ ముందు చక్రం గోతిలో పడి కుడి వెనక చక్రం గట్టు ఎక్కినప్పుడు ఆ రెండు రైళ్లు ఒకదానికొకటి వ్యతిరేకంగా మెలితిరుగుతాయి, ఒకటి ముందుకి ఒకటి వెనక్కి జరగాలని చూస్తాయి. అడ్డపట్టె వదులైన మంచం ఎలా ఓ పక్కకి ఒరుగుతుందో చూశారు కదా, అలా ఒరగకుండా పట్టి ఉంచేవి ఈ మెట్లే. మరి అందులో ఒక మెట్టుకి నేను గాటు పెట్టి, దానికి వెనకాల ఒక బరువు వేలాడదీశా.

గాటు సంగతి ముందు. నా క్రాస్‌మెంబర్ ఎత్తు 75 మిల్లీమీటర్లు, కోత తర్వాత ఆ చోట 50. "మూడో వంతే కదా పోయింది" అనుకున్నా. కానీ వంగకుండా ఆపే గట్టిదనం ఎత్తు ఘనంతో నడుస్తుంది. మూడింట రెండొంతుల ఎత్తు మిగిలితే గట్టిదనం ఇరవై ఏడులో ఎనిమిదొంతులు, అంటే మూడో వంతు కూడా మిగల్లేదు. అది కూడా ఉత్త బద్దకి లెక్క, చానల్‌లో అయితే అసలు బలమంతా పైనా కిందా ఉన్న ఫ్లాంజుల్లోనే ఉంటుంది, నేను కోసింది సరిగ్గా పై ఫ్లాంజే, కాబట్టి నిజం ఇంకా ఘోరం. పోనీ మూలలన్నా గుండ్రంగా వదిలానా అంటే అదీ లేదు, కటింగ్ వీల్ ఎక్కడ ఆగితే అక్కడ కత్తిగాటులా వదిలేశా. పగులు మొదలవడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. చిత్రంగా నాది అక్కడ కాదు, ప్లేట్ దగ్గర పగిలింది. ఏది ముందు పోవాలా అని రెండూ పోటీ పడి ఉంటాయి.

ఇప్పుడు ప్లేట్. ఇది అర్థం కావడానికి నాకు ఒక కాగితం కావాల్సొచ్చింది. మీరూ చేసి చూడండి, ఒక మందపాటి కాగితం గొట్టంలా చుట్టి, అంచులు అతికించకుండా రెండు చేతుల్తో పట్టుకుని మెలితిప్పండి. అంచులు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి, చేతికి ఏమీ అడ్డుకున్నట్టే ఉండదు. ఇప్పుడు ఆ అంచు పొడుగునా టేపు అతికించి మళ్లీ తిప్పండి. బిగుసుకుపోతుంది. అదే కాగితం, అదే మందం. ఇనుములో కూడా ఇదే కథ. మధ్య వ్యాసం 48 మిల్లీమీటర్లు, గోడ 3 మిల్లీమీటర్లు ఉన్న గొట్టాన్ని పొడుగునా ఒక్క చీలిక చీరితే మెలికకి దాని గట్టిదనం 192 రెట్లు పడిపోతుంది. సగమో పావో కాదు, నూట తొంభై రెండు రెట్లు. నా క్రాస్‌మెంబర్ తెరిచిన చానల్, అంటే పుట్టుకతోనే చీలిక ఉన్న గొట్టం. దాని నడుం మీద తిన్నగా బరువు పెడితే మోస్తుంది. రెండంగుళాలు వెనక్కి జరిపి పెడితే అది బరువు కాదు, మెలిక అవుతుంది. మౌంట్ మీద ఓ 100 కిలోలు పడుతుందనుకుందాం, 5 సెంటీమీటర్ల దూరంలో అంటే దాదాపు 50 న్యూటన్ మీటర్లు, ఒక మోస్తరు బోల్టు బిగించేంత బలం, గుంత వచ్చిన ప్రతిసారీ అది రెండింతలు మూడింతలు. ఒక్కసారి బిగిస్తే ఏం కాదు. బండి కదిలిన ప్రతి నిమిషం ఎవరో స్పానర్ పెట్టి లాగుతూ వదుల్తూ లాగుతూ వదుల్తూ ఉంటే? వెల్డింగ్ అంచున వేడికి గుణం మారిన ఇనుము ఉంటుంది, బీడ్ ఆగిన చోట చిన్న గుంట ఉంటుంది, అక్కడ మొదలవుతుంది. నాకు ఎనిమిది నెలలు పట్టింది, రోడ్లు బావుంటే రెండేళ్లు పట్టేదేమో.

ఇక్కడ చాలామంది అనేది నాకు తెలుసు. "మా బండికి ఫ్లాట్ బద్ద వెల్డ్ చేసి పదేళ్లయింది, ఏం కాలేదు." నమ్ముతా, అబద్ధమని అనను. కానీ ఇలాంటి పగులు బలం చాలక వచ్చేది కాదు, ఇనుము ఇన్నిసార్లు వంగి వంగి అలిసిపోయి, లెక్క నిండి వచ్చేది, ఆ బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎలాంటి దారిలో, వెనక ఎంత బరువుతో, అవేవీ చెప్పకుండా పదేళ్లు అంటే దానికి అర్థం లేదు. ఇంకో మాట, ఆ పదేళ్లలో ఎన్నిసార్లు కిందకి దూరి టార్చి వేసి చూశారు? నేను కూడా ఆ రోజు ఆయిల్ మార్చకపోతే "ఏడాదైంది, ఏం కాలేదు" అనే అందరికీ చెప్పేవాణ్ణి.

ఇంకో వాదన ఉంది, ఇది కొంచెం గట్టిది. "పాత క్రాస్‌మెంబర్ ఏమన్నా బంగారమా, కోస్తే ఏం పోయింది, పాడైతే కొత్తది చేసుకుంటాం." సరే, ఇనుముగా చూస్తే దాని విలువ తక్కువే. కానీ కోయని క్రాస్‌మెంబర్ అంటే కొలతల పుస్తకం. గేర్‌బాక్స్ వెనక కొస ఎంత ఎత్తులో ఉండాలి, రైళ్ల మధ్య దూరం ఎంత, మధ్యగీత ఎక్కడ, అన్నీ దాన్లో రాసున్నాయి. నేను దాన్ని కోసి, వెల్డింగ్ వేడికి వంకర తిప్పి (బీడ్ చల్లారుతూ తన వైపుకి లాక్కుంటుంది కదా, బోల్టు రంధ్రాలు రెండో వైపు మూడు మిల్లీమీటర్లు పక్కకి పోయాయి, గడ్డపార పెట్టి నెట్టి బిగించా, ఇది కూడా గొప్పగా చెప్పుకున్న పనే) ఆ పుస్తకంలో పేజీలు చింపుకున్నా. తర్వాత కొత్తది చేసేటప్పుడు ఎత్తు ఎంతుండాలో తెలీక ఒక రోజంతా పోయింది.

కాబట్టి నా మాట ఇది: మొదట క్రాస్‌మెంబర్‌నే జరిపి చూడండి, జరగకపోతే కొత్తది చేయండి, రెడీమేడ్‌ది మీ బండికి సరిపోయేది దొరికితే కళ్లకద్దుకుని తెచ్చుకోండి, కోత మాత్రం ఆఖర్న. ఆ కోతకి కూడా రెండు రకాల బళ్లు దూరం. ఒకటి, ముందు సస్పెన్షన్‌కి టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉండి వాటి వెనక కొసలు ఈ క్రాస్‌మెంబర్‌లోనే కూర్చునే పికప్పులు, ఆ బార్ల బిగువు విప్పకుండా దాని బోల్టు ముట్టుకుంటే ప్రాణం మీదకొస్తుంది. రెండు, పెద్ద లారీలు. వాటి ఫ్రేమ్ రైళ్లు చాలావరకు హీట్ ట్రీట్‌మెంట్ చేసిన స్టీలు, 1,10,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా తట్టుకునేవి, వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ బలం పోతుంది, అందుకే వాటికి వెల్డింగ్ వద్దు, ఫ్లాంజుల్లో రంధ్రాలు వద్దు అని తయారీదార్లే రాసి పెడతారు. పికప్ మీద నేర్చుకున్న చెయ్యి లారీ మీద చూపించకూడదు.

ఇక రెండోసారి ఎలా చేశానో. నాకు వెల్డింగ్ బాగా వచ్చిన ఫ్రెండ్ ఒకడున్నాడు, పగులు చూసి నవ్వలేదు, అదే ఎక్కువ బాధేసింది. "ఒరేయ్, ఇది మెంబర్ కాదురా, తలుపుకి గొళ్లెంలా పెట్టావు" అన్నాడు. పగులు చివర చిన్న రంధ్రం వేసి పైన వెల్డ్ కొడదామా అనడిగితే, అది ఇంటికి చేరడానికి పనికొస్తుంది, ఉండిపోవడానికి కాదన్నాడు.

గేర్‌బాక్స్ కింద చెక్క ముక్క పెట్టి జాకీ వేశాం. ఇది మర్చిపోవద్దు, వెనక ఆధారం తీసేస్తే ఇంజన్ తన మౌంట్ల మీద వెనక్కి ఒరుగుతుంది, ఈ ఇంజన్లకి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) వెనకే ఉంటుంది, దాని క్యాప్ వెళ్లి ఫైర్‌వాల్‌కి (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడకి) కొట్టుకుని పగులుతుంది. బ్యాటరీ వైరు తీశాం, రైలు లోపల పోతున్న బ్రేక్ పైపునీ ఆయిల్ పైపునీ క్లిప్పులు ఊడదీసి పక్కకి కట్టాం. జరిపి చూస్తే తెలిసింది, నా బండి రైళ్లు సమాంతరం కాదు, వెనక్కి పోయేకొద్దీ విచ్చుకుంటున్నాయి, రెండంగుళాలకే ఒక్కో వైపు 4 మిల్లీమీటర్ల సందు. బోల్టు బిగిస్తే సందు మూసుకుపోతుంది, చాలామంది అదే చేస్తారు, కానీ అది రైళ్లని లోపలికి లాగి కట్టేయడం, ఆ బిగువు ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. సందుకి సరిపడా ప్యాకింగ్ ప్లేట్ పెట్టాలి, అంతే.

పాతది ఎలాగూ పోయింది కాబట్టి కొత్తది దీర్ఘచతురస్రపు గొట్టంతో చేశాం, 75 బై 50, గోడ 5 మిల్లీమీటర్లు. మూసిన సెక్షన్, కాగితం గొట్టానికి టేపు వేసినట్టు. మౌంట్ నేరుగా గొట్టం నడుం మీదే, ఒక్క సెంటీమీటరు కూడా పక్కకి కాదు. సైలెన్సర్ పైపు పోయే చోట గాటు పెట్టలేదు, గొట్టాన్నే వాలుగా రెండు కోతలు కోసి పైకెత్తి అతికించి, అతుకుల పక్కన గస్సెట్లు (బలానికి వేసే మూల ముక్కలు) వేశాం. కొసలు మూశాం, కింద నీళ్లు కారడానికి చిన్న రంధ్రం వదిలాం, లేకపోతే లోపల్నుంచి తుప్పు తినేస్తుంది. చివరి బ్రాకెట్లు రైలు నిలువు గోడకి, ఒక్కో వైపు నాలుగు 12 మిల్లీమీటర్ల 10.9 గ్రేడు బోల్టులు, రంధ్రాలు గోడ మధ్య భాగంలో, అంచుకి కనీసం బోల్టు వ్యాసానికి రెండింతల దూరంలో. పైనా కిందా ఫ్లాంజుల్ని అసలు ముట్టుకోలేదు. మీ రైలు నాలుగు వైపులా మూసిన బాక్సు అయితే బోల్టుకి లోపల స్లీవ్ (గొట్టం ముక్క) వేయాలి, లేదంటే బిగించేకొద్దీ గోడలు లోపలికి నొక్కుకుపోయి బోల్టు ఎప్పటికీ బిగుసుకోదు.

అన్నిటికన్నా ముఖ్యం, బ్రాకెట్లని బండిలోనే పెట్టి, బోల్టులు బిగించి ఉంచి, అక్కడే టాక్‌లు (తాత్కాలికంగా చుక్కల్లా వెల్డింగ్) వేసి, ఆ తర్వాతే ఊడదీసి బల్ల మీద పూర్తి వెల్డింగ్ చేశాం. అది కూడా ఒక అంగుళం ఇక్కడ, ఒక అంగుళం అవతలి కొసన, చల్లారనిచ్చి మళ్లీ. మొదటిసారి నేను ఒకే ఊపులో ఒక వైపంతా లాగేశా. ఈసారి తిరిగి ఎక్కించినప్పుడు ఎనిమిది బోల్టులూ వేళ్లతోనే దిగాయి. ఆ శబ్దం లేని దిగుడు ఉంది చూశారూ, అబ్బ.

క్రాస్‌మెంబర్‌ని ఫ్రేమ్‌కి వెల్డ్ చేసేస్తే పోలా అనేవాళ్లు కూడా ఉన్నారు. బోల్టుతోనే ఉండాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. రేపు గేర్‌బాక్స్ దించాలంటే దాన్ని ఊడదీయాలి. ఆయిల్ పాన్ కూడా క్రాస్‌మెంబర్ ముట్టుకోకుండా కిందకి దిగి, ఫిల్టర్ బయటికి రావాలి, టాక్‌లు వేసే దశలోనే పాన్ ఒకసారి పెట్టి తీసి చూసుకోండి.

ఎత్తు దగ్గర చాలామంది తప్పు చేస్తారు, నేనూ చేశాను. మౌంట్ ఎత్తు మార్చితే మారేది ఎత్తు కాదు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం. ఇంజన్ మౌంట్ నుంచి గేర్‌బాక్స్ మౌంట్‌కి 900 మిల్లీమీటర్లు ఉంటే, వెనక కొస 16 మిల్లీమీటర్లు దించితే ఒక డిగ్రీ మారినట్టు. యూ జాయింట్ (షాఫ్ట్ కొసన వంగే కీలు) వంగి తిరిగేటప్పుడు ఒక్కో చుట్టుకి రెండుసార్లు వేగం పెంచి తగ్గిస్తుంది, ముందు జాయింట్ చేసే ఆ అల్లరిని వెనక జాయింట్ సరిగ్గా రద్దు చేయాలంటే రెండు కోణాలూ సమానంగా ఉండాలి. గేర్‌బాక్స్ వెనక్కి 3 డిగ్రీలు వాలితే వెనక యాక్సిల్ పినియన్ (షాఫ్ట్ వచ్చి కలిసే పళ్ల చక్రం) 3 డిగ్రీలు పైకి చూడాలి, తేడా ఒక డిగ్రీ లోపు. కోణం సున్నా అయితే మంచిదే కదా అనిపిస్తుంది, కాదు, కాస్తన్నా వంపు లేకపోతే జాయింట్ లోపలి నీడిల్ బేరింగులు కదలకుండా ఒకేచోట కొట్టుకుని అరిగిపోతాయి. మొదటిసారి నేను వెనక చక్రాలు గాల్లో వేలాడుతుండగా కొలిచా. యాక్సిల్ వేలాడితే పినియన్ కోణం వేరే, ఆ కొలతకి విలువే లేదు. ఈసారి చక్రాలు నేల మీద, బండి తన బరువు మీద నిలబెట్టి కొలిచాం: వెనక్కి వాలు 3.1, పినియన్ 2.6. వదిలేశాం.

మౌంట్‌కి రబ్బరు తీసేసి ఇనుము మీద ఇనుము బిగిస్తే గట్టిగా ఉంటుంది కదా అని ఒకాయన సలహా ఇచ్చాడు. ఇంజన్ మౌంట్లు రబ్బరువి ఉండగా వెనక మాత్రం కట్టేస్తే, ఇంజన్ ఊగిన ప్రతిసారీ ఆ దెబ్బంతా గేర్‌బాక్స్ అల్యూమినియం ఒంటి మీద పడుతుంది, టెయిల్ హౌసింగ్ పగలడానికి అదొక దారి. మూడు మౌంట్లూ ఒకే రకంవి ఉండాలి, అంతే సంగతి.

700ఆర్4కి థ్రాటిల్ దగ్గర్నుంచి వచ్చే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ సరిగ్గా సెట్ చేయకపోతే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి, అది ఇంకో పెద్ద పురాణం, ఇంకోసారి రాస్తా.

ఇది చేసి పద్నాలుగు నెలలైంది. నెలకోసారి టార్చి పట్టుకుని కిందకి దూరుతున్నా, అతుకుల దగ్గర ఈసారి కావాలనే తెల్ల పెయింట్ కొట్టా, గీత పడితే దాక్కోకుండా కనబడాలని. మొన్న చూసినప్పుడు గీతల్లేవు కానీ సైలెన్సర్ పైపు ఆ వంపు దగ్గర ఒక చోట తగిలి వేలి గోరంత పెయింట్ లేచిపోయి మెరుస్తోంది. వచ్చే వారం పైపు హ్యాంగర్ కాస్త పక్కకి జరపాలి. పైపునే, క్రాస్‌మెంబర్‌ని కాదు.